ఉత్త ఎత్తుళ్ల లెక్క: మూడు నెలల గాలం డైరీ

మొదలుపెట్టకముందు

లిఫ్టు బటన్ ఒక్కసారి నొక్కితే చాలని తెలిసీ ఐదుసార్లు నొక్కే మనిషిని నేను. ఎదుటివాళ్లు మాట సగంలో ఉండగానే "అర్థమైంది, తర్వాత?" అంటాను. ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది కాబట్టి నాకది లోపంలా ఎప్పుడూ అనిపించలేదు. మొన్న బీపీ చూసిన డాక్టరుగారు మాత్ర రాసి, "తొందరపెడితే అవని పని ఏదన్నా ఒకటి పట్టుకోండి" అన్నారు. "ఎన్నాళ్లలో తేడా తెలుస్తుందండీ?" అని అడిగాను. ఆయన నా వంక ఒకసారి చూసి, జవాబు చెప్పకుండానే తర్వాతి పేషెంటును పిలిచారు.

ధ్యానం ఒక వారం చేశాను. కళ్లు మూసుకోగానే చేయాల్సిన పనుల చిట్టా ఇంకా పెద్ద అక్షరాల్లో కనబడింది. మొక్కలు పెంచుదామంటే, మొలిచిందో లేదో చూడ్డానికి విత్తనాన్ని తవ్వి తీసే బాపతు నేను. చివరికి గాలం దగ్గర ఆగాను. చేపకు రిమైండర్ పంపలేం, పైవాళ్లతో చెప్పించలేం, డబ్బు ఎక్కువిచ్చి త్వరగా రప్పించలేం.

పని అన్నాక కొలత ఉండాలి కదా. చేపల సంఖ్య రాసుకుంటే అది చెరువు లెక్క అవుతుంది గానీ నా లెక్క కాదు. అందుకని ఇలా అనుకున్నాను: చేప కొట్టకుండానే, ఊరికే "ఒకసారి చూద్దాం" అని గాలం ఎత్తిన ప్రతిసారీ నోటుబుక్కులో ఒక గీత. దానికి 'ఉత్త ఎత్తుడు' అని పేరు. గంటకు ఎన్ని గీతలు పడితే నా అసహనం అంత.

1వ రోజు నుంచి 6వ రోజు

కర్ర నేనే చేసుకోవాలని పట్టుదల. పచ్చి వెదురు ఒకటి కొట్టించాను. మూడు మీటర్ల పొడవు, కొస చిటికెన వేలికంటే సన్నం. పచ్చి వెదురులో నీరు ఉంటుంది కాబట్టి వంచితే వంగి అలాగే ఉండిపోతుంది, బరువు కూడా ఎక్కువ. నీడలో కొన్ని వారాలు ఆరాలి. నేను ఎండలో పెట్టాను. ఎండలో అయితే త్వరగా ఆరుతుంది కదా!

నిజమే, త్వరగానే ఆరింది. నాలుగో రోజు మధ్యాహ్నం 'టప్' మని చప్పుడు. వెళ్లి చూస్తే మొదటి కణుపు నుంచి మూడో కణుపు దాకా నిలువునా చీలిక. పైపొర ముందు ఆరి ముడుచుకుపోతుంది, లోపలిది ఇంకా తడిగానే ఉంటుంది, ఆ పెనుగులాటలో వెదురు పగులుతుంది. ఈ సంగతి పగిలాక తెలుసుకున్నాను.

రెండో వెదురు తెచ్చి సామాన్ల గదిలో పైకప్పు కొక్కేనికి నిలువుగా వేలాడదీశాను. వంకర రాకుండా కింది చివర ఒక ఇటుక కట్టాను. ఆరు వారాల వరకు దాని జోలికి పోకూడదని గది తలుపు మీద తేదీ రాశాను. ఈలోగా పని నడవడానికి ఒకదాంట్లోకి ఒకటి దూరే ఫైబర్ కర్ర కొనుక్కొచ్చాను. కొనుక్కున్నందుకు కొంచెం సిగ్గేసింది.

9వ రోజు

ఇవాళ ముడులు. తంగూసు (నైలాన్) దారం కొసను కొక్కెం కంట్లోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కంటి దగ్గర ఏర్పడే చిన్న సందులోంచి కొసను వెనక్కి తెచ్చి బిగించాలి. చదివితే ఒక్క వాక్యం. కట్టాక కొక్కేన్ని కిటికీ ఊచకు తగిలించి లాగితే పదిలో ఏడు ఊడిపోయాయి.

ఊడిన దారం కొసలన్నీ బల్ల మీద పరిచి చూశాను. కొన్ని పంది తోకలా చుట్టలు తిరిగి ఉన్నాయి. అంటే దారం తెగలేదు, ముడి జారింది. మెలికలు సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఇంకొన్ని ముడి దగ్గరే నొక్కుకుపోయి తెగాయి. పొడి దారాన్ని విసురుగా బిగిస్తే రాపిడికి వేడెక్కుతుంది, ఆ వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. అందుకే బిగించేముందు ముడిని నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపాలి, తర్వాత మెల్లగా లాగాలి. పదకొండో ముడిని అలా తడిపి, ఊపిరి వదులుతూ లాగాను. మెలికలు ఒక్కొక్కటే జరిగి ఒకదాని పక్కన ఒకటి స్ప్రింగులా సర్దుకోవడం కనబడింది. ఆ ముడి ఊడలేదు. ఊచే కొంచెం కదిలింది.

మనకు ఇదే కష్టంగా ఉంది గానీ, నైలాన్ రాకముందు ఇంకా పెద్ద తతంగం. అమెరికా రసాయన శాస్త్రవేత్త వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది 1935లో. అంతకుముందు గాలం కొసకు పట్టుపురుగు లోపలి పట్టు గ్రంథిని సాగదీసి ఆరబెట్టిన తీగ కట్టేవాళ్లు. ఎండితే అది పెళుసు. నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాకే ముడి వేయాలి. నాలాంటివాడు ఆ రోజుల్లో చేపలు పట్టడానికి బయలుదేరి, దారం నానేలోపు ఇంకేదో పనిలో పడిపోయి ఉండేవాడు.

15వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 41

చెరువుకు మొదటిసారి. అనుమతి ముందే తీసుకున్నాను. ఎర వానపాములు. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు గంటలో 41 గీతలు. అంటే ఎర ఒక్కోచోట నీళ్లలో నిమిషంన్నర కూడా ఉండలేదు. చేపకు ఆకలేసినా నా గాలాన్ని పరిగెత్తి అందుకోవాలి.

అవతలి ఒడ్డున ఒక కొంగ. కొంగ జపం అని మనం వెక్కిరిస్తాం గానీ, ఆ గంటలో అది మూడుసార్లు పొడిచి రెండు చేపలు మింగింది.

ఇవతల, నాకు ఇరవై అడుగుల దూరంలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. నేను గాలం విసిరి, చోటు నచ్చక లేచి, ఇంకోచోటికి నడిచి, మళ్లీ విసిరి, ఇలా మూడుసార్లు అయ్యాక ఆయన తన సంచీ తీసుకుని చెరువు రెండో మూలకు వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

17వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 33

ఈసారి నేనే ఆయన దగ్గరకు వెళ్లి, "మొన్న మా వల్ల మీకు ఇబ్బంది అయినట్టుంది, ఫోన్లో గట్టిగా మాట్లాడాను" అన్నాను.

"మాటలకేముందయ్యా, మాట్లాడుకో. కాళ్లు జాగ్రత్త" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన తన పక్కన నేల మీద మడమతో ఒక్కసారి తట్టారు. ఒడ్డు అంచున తిరుగుతున్న చిన్న పరిగె చేపలన్నీ ఒక్కసారిగా చెదిరిపోయాయి. తర్వాత గొంతెత్తి ఎవరినో పిలిచినట్టు "ఓయ్" అని అరిచారు. పరిగెలు కదల్లేదు.

ఇంటికొచ్చి చదివితే సంగతి తెలిసింది. గాలిలో మాట నీటి పైభాగాన్ని తాకి దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. అడుగుల అదురు అలా కాదు, నేలలోంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలోకి దిగాక చప్పుడు గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చేపకు రెండు పక్కలా, మొప్పల నుంచి తోక దాకా, చుక్కలు కుట్టినట్టు ఒక గీత ఉంటుంది. నీటిలో చిన్న కదలికను కూడా అది పసిగడుతుంది. కాబట్టి నేను వచ్చిన సంగతి నేను గాలం విప్పకముందే చెరువంతటికీ తెలుసు.

18వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 36

నిలబడితే చేపకు కనబడతామని చిన్న పీట తీసుకెళ్లాను. నీటి అడుగు నుంచి చూసే కంటికి పై ప్రపంచమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ కిటికీ చుట్టూ నీటి పైపొర అద్దంలా మెరుస్తుంటుంది. ఒడ్డున మనం ఎంత కిందికి ఒదిగి కూర్చుంటే ఆ కిటికీ అంచులో అంత నలిగిపోయి, ఉన్నామో లేమో అన్నట్టుంటాం.

కూర్చున్నాను, నడవలేదు, అదరలేదు. అయినా 36. మోకాలు ఊగుతూనే ఉంది. చెయ్యి దానంతటదే ఎత్తేస్తోంది. పళ్లు బిగబట్టి ఇరవై నిమిషాలు ఎత్తకుండా ఉన్నాను గానీ ఆ తర్వాత వరసగా ఏడుసార్లు ఎత్తాను, బాకీ తీర్చుకున్నట్టు. మెడ పట్టేసింది. విశ్రాంతి కోసం వెళ్లి మెడనొప్పి తెచ్చుకున్నవాడిని నేనేనేమో.

21వ రోజు

వెళ్లలేదు. చెరువు మీద అలక.

23వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 6

చేపా చేపా, ఎందుకు పడలేదు? ఎర నాకు అందలేదు. ఎరా ఎరా, ఎందుకు అందలేదు? బెండు నన్ను కిందికి దిగనివ్వలేదు. బెండూ బెండూ, ఎందుకు దిగనివ్వలేదు? నీ యజమానికి చెరువు లోతెంతో తెలియదు. ఏడు చేపల కథలాగా ఒక్కొక్కరినీ అడుక్కుంటూ పోతే చివరికి చీమ స్థానంలో నేనే దొరికాను.

వారం రోజులుగా, నీటిపై తేలుతూ కాటును చూపించే బెండును దారం మీద ఎక్కడ కట్టానో అక్కడే ఉంచేశాను. ఎర నేలకు ఎంత ఎత్తున వేలాడుతోందో నాకే తెలియదు. అడుగున మేసే చేపలకు అది ఆకాశంలో కట్టిన ఉట్టి.

అందుకని ఇవాళ వెళ్లగానే ఎర పెట్టలేదు. కొక్కేనికి బరువైన తగరపు ముద్ద తగిలించి, చెరువులో ఒక్కోచోట వేసి లోతు కొలిచాను. బరువు నేలను తాకాక బెండు మునిగిపోతే దారం చాలలేదని, పక్కకు పడుకుంటే ఎక్కువైందని. బెండును దారం మీద కొంచెం కొంచెం జరుపుతూ, దాని కొస మాత్రమే నీటిపైన నిలబడేదాకా సరిచేయాలి. ఒడ్డు నుంచి రెండు మీటర్ల దూరంలో 70 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల దగ్గర 120. అక్కణ్నుంచి ఒక్క మెట్టు దిగినట్టు 190. ఎడమ వైపు నాచు. కుడి వైపు మెత్తటి బురద, బరువు పైకి తీసేటప్పుడు అంటుకుని జారినట్టు చేతికి తెలుస్తుంది. ఒకచోట గట్టి నేల, 'టక్' మని కర్ర దాకా వినబడినట్టే ఉంటుంది.

నోటుబుక్కులో చెరువు బొమ్మ వేసి అంకెలు రాసుకుంటూ పోయాను. రెండు గంటలు గడిచాక చివరి గంట మాత్రం ఎరతో కూర్చున్నాను. మెట్టు అంచున, నేలకు తాకేటట్టు. ఆ గంటలో ఆరే గీతలు.

ఎందుకో ఆలోచించాను. పద్దెనిమిదో రోజున బిగబట్టుకుని కూర్చున్నాను, ఇవాళ బిగబట్టలేదు. అప్పుడు బెండు కింద ఏముందో తెలియదు కాబట్టి ప్రతి నిమిషమూ అనుమానమే. ఇవాళ ఎర ఎక్కడుందో తెలుసు, అక్కడికి చేప రావడానికి కారణమూ తెలుసు. ఇక ఎత్తి చూడ్డానికి ఏముంది?

నా అసహనంలో సగం అజ్ఞానమేనా అని ఒక ప్రశ్న రాసి పెట్టుకున్నాను.

26వ రోజు. ఇంట్లో

కొన్న బెండు మరీ లావు. చిన్న చేప ఎంత లాగినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పాత సీసా బెరడు బిరడాను చెక్కి, మధ్యలో సన్నటి వెదురుపుల్ల దూర్చి, గరుకు కాగితంతో రుద్ది జొన్నకంకి ఆకారం తెచ్చాను. కొసకు ఎర్ర రంగు.

ఆ తర్వాతే అసలు పని. పొడుగాటి గాజు సీసాలో నీళ్లు పోసి బెండును అందులో నిలబెట్టి, కింద దారానికి చిన్న చిన్న గుండ్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోవాలి. ఎర్ర కొస అగ్గిపుల్ల తలంత మాత్రం బయట ఉండాలి. గుండ్లకు సీసం వాడలేదు, తగరం వాడాను. జారిపోయిన సీసపు గుండ్లను గులకరాళ్లనుకుని మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987 నుంచి చిన్న సీసపు గుండ్ల అమ్మకం ఆపేశారు. చెరువులో ఎన్ని గుండ్లు పోగొట్టానో గుర్తొచ్చి నేనూ మార్చేశాను.

నాలుగో గుండుకు బెండు నిటారుగా లేచింది. ఆరో గుండుకు మెడ వరకు దిగింది. ఏడోది ఆవగింజంత. అది నొక్కగానే ఎర్ర కొస కూడా మునిగి సీసా అడుగుకు పోయింది. ఏడోది తీసి సగానికి కోశాను. ఆ సగం పెట్టాక ఎర్ర చుక్క నీటి పైపొరను పట్టుకుని ఆగింది. సీసా పక్కన వేలితో మెల్లగా మీటితే చుక్క మునిగి, లేచి, మళ్లీ అక్కడికే వచ్చింది.

"నాన్నా, అరగంట నుంచి నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు, తెలుసా?" అంది మా అమ్మాయి గుమ్మంలోంచి. కోపంగా ఉన్నానేమోనని చూడ్డానికి వచ్చిందట.

29వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 9

కొత్త బెండు బాగుంది. బాగుండటమే ఇబ్బంది. ఇప్పుడు ప్రతి చిన్న కదలికా కనబడుతోంది. తూనీగ వచ్చి వాలినా కొస మునుగుతుంది. మూడు ఎత్తుళ్లు తూనీగల ఖాతాలోవి.

31వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 4

పెద్దాయన ఈసారి నా పక్కనే కూర్చున్నారు. నా అడుగులు మెరుగుపడ్డాయన్నమాట.

ఏడున్నర దాటాక బెండు రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. మునగలేదు, లేచింది. ఎర్ర కొస కింద తెల్ల భాగం కూడా కనబడింది. నేను చూస్తూ కూర్చున్నాను. మెల్లగా ఒరిగి నీటి మీద పడుకుంది. గాలికేమో అనుకున్నాను. ఒక్క క్షణం తర్వాత మళ్లీ నిలబడింది.

"పోయింది" అన్నారు పెద్దాయన.

"ఏది?"

"చేపయ్యా. బెండు మునిగితేనే కాటు అనుకుంటున్నావా? లేచినా కాటే."

ఇన్నాళ్లూ మునగడం కోసమే చూస్తున్నాను. అడుగున మేసే చేప ఎరను కొరకదు. నేల మీద దాన్ని నోట్లోకి పీల్చుకుని తల ఎత్తుతుంది. కింది గుండు బరువు అప్పటిదాకా బెండును కిందికి పట్టి ఉంచుతుంది. చేప తల ఎత్తగానే ఆ బరువు చేప మోస్తుంది. బరువు తగ్గిన బెండు పైకి తేలుతుంది. బంగారుతీగ లాంటి చేపలకు నోట్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. పీల్చిన దాన్ని నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తాయి. ఆ పీల్చడానికీ ఉమ్మడానికీ మధ్య ఉన్న కాస్త సమయమే మనది.

అంటే వారాల తరబడి కాటు లేనప్పుడు 'కాటేమో' అని ఎత్తాను, నిజంగా కాటు వేసినప్పుడు 'గాలి' అని కూర్చున్నాను. నోటుబుక్కులో ఇంకో గడి గీయాల్సి వచ్చింది: 'ఎత్తాల్సి ఉండి ఎత్తనివి'. దీన్ని ఓపిక అనడానికి లేదు.

34వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 3, చేపలు: 1

ముందు బుడగలు వచ్చాయి. పెద్దవి కాదు, సోడా పోసినట్టు సన్నటి బుడగలు గుంపుగా, మెట్టు అంచు వైపు జరుగుతూ. చేప బురదను కెలుకుతూ మేస్తోందని ఇప్పుడు తెలుసు. బెండుకు అడుగు దూరంలో ఆగిపోయాయి. నాకు చెవుల్లో గుండె చప్పుడు వినబడుతోంది. బెండు చిన్నగా వణికింది. ఎత్తలేదు. ఇంకోసారి వణికింది, మీసాలు తగులుతున్నాయేమో. ఎత్తలేదు. అప్పుడు తెల్ల భాగం కనబడింది. మణికట్టు ఒక్కటే తిప్పాను. కర్ర కొస వంగి, అలాగే ఉండిపోయింది. అవతల ఏదో ప్రాణం ఉన్నట్టు చేతికి తెలిసింది.

జానెడు బంగారుతీగ. లాగడంలో కూడా తొందర పనికిరాదు. అది ఎటు పోతానంటే అటు కొంచెం పోనిచ్చి, కర్ర వంపుతోనే అలసిపోనివ్వాలి. చేతులు తడుపుకుని పట్టుకున్నాను. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పొర ఊడిపోయి చేపకు జబ్బులు అంటుకుంటాయి. కొక్కెం మొన వెనక ఉండే ఎదురుముల్లును పట్టకారుతో ముందే నొక్కేశాను కాబట్టి సులువుగా వచ్చేసింది. నోటి పక్క నాలుగు మీసాలు. బంగారు రంగు పొలుసుల మీద ఎండ పడి కదిలింది. నీళ్లలోకి దించి రెండు చేతుల మధ్య నిలబెట్టాను. రెండుసార్లు మొప్పలాడించి, తొందరేమీ లేనట్టు వెళ్లిపోయింది.

నాడి చూసుకుంటే నిమిషానికి 112. విశ్రాంతి కోసం ఎంచుకున్న పనిలో ఇంత గుండెదడ ఉంటుందని డాక్టరుగారికి తెలుసో లేదో.

38వ రోజు నుంచి 47వ రోజు

ఐదుసార్లు వెళ్లాను, చేప లేదు. ఆశ్చర్యం ఏంటంటే ఒకటి పడ్డాక ఎత్తుళ్లు పెరిగాయి. 11, 14, 12, 17, 29.

మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు గుర్తొచ్చాయి. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆపేసిన కాసేపటికి పావురం పొడవడం మానేస్తుంది. ఎన్నో పొడుపుకు గింజ పడుతుందో తెలియకుండా పెడితే, గింజ ఆగిపోయినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. ఫోన్ తీసి చూడటం అలాంటిదే. ఫోన్‌ను సంచీలో పడేసి, బెండును ఫోన్‌లా చూస్తున్నాను నేను. చెయ్యి ఖాళీగా ఉందని మనసు కూడా ఖాళీ అయిందనుకోవడం నా పొరపాటు.

29 పడిన రోజు సంగతి రాయాలి. ఆఫీసులో పొద్దున్నే ఒక గొడవ, ఆ టెన్షన్‌తో సాయంత్రం నేరుగా చెరువుకు వచ్చాను. గాలం విసురుగా వేశాను, దారం వెనక కొమ్మకు తగిలి గుత్తిలా చిక్కుపడింది. చిక్కు విప్పేటప్పుడు లాగకూడదు. గుత్తిని వదులు చేస్తూ బయటికి పరుచుకుంటూ పోవాలి, అప్పుడు కొస దారి తనే కనబడుతుంది. తెలుసు. తెలిసీ లాగాను. ముడి గట్టిపడింది. కత్తెర తీసి కోసి, ఆ గుత్తి అక్కడే పారేసి ఇంటికొచ్చేశాను.

రాత్రి నిద్రపట్టలేదు. నైలాన్ ఏళ్ల తరబడి మట్టిలో కలవదు. ఆ కొంగ కాలికి చుట్టుకుంటే? పదిన్నరకు టార్చి పట్టుకుని వెళ్లి వెతికాను. దొరికింది. ఇంటికి తెచ్చి, వంటగదిలో బల్ల మీద పెట్టి, ఇక దాంతో పనేమీ లేకపోయినా మొత్తం విప్పాను. ఒంటిగంట అయింది. ఎందుకు విప్పానంటే చెప్పలేను. విప్పాక నిద్రపట్టింది.

52వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 5

చీకటితో లేచి వెళ్లినా ఏడున్నర వరకు ఏమీ కొట్టడం లేదని నోటుబుక్కు చెబుతోంది. పెద్దాయన చాలావరకు ఏడు దాటాకే తాపీగా వస్తారు. వయసు కదా అనుకున్నాను.

అడిగితే, "నాచున్న చెరువుకు తెల్లారగట్ల ఊపిరాడదు" అన్నారు.

ఆలోచిస్తే సరిగ్గా అంతే. పగలు ఎండలో నాచు నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా నాచు, చేపలు, బురదలోని క్రిములు కలిసి దాన్ని వాడుకుంటాయి. తెల్లవారే వేళకు అది అన్నిటికంటే తక్కువ. అసలే వేడెక్కిన నీరు ఆక్సిజన్‌ను తక్కువ పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. అలాంటప్పుడు చేపకు మేత మీద ధ్యాస ఏముంటుంది? ఎండ కాసి నాచు పని మొదలుపెట్టాకే కదలిక. లోతైన, నాచు లేని నీటికి ఈ లెక్క వర్తించదు, అక్కడ వేకువే మంచిది కావచ్చు.

మొత్తానికి ఐదు వారాలు అలారం పెట్టుకుని లేచి, చేపలు నిద్రమత్తులో ఉండగా నేను కాపలా కాశాను. రేపటి నుంచి ఇంకో గంట పడుకుంటాను. విశ్రాంతి అన్నారు కదా.

58వ రోజు. ఉత్త ఎత్తుళ్లు: 2

వాన తుంపర. చేప లేదు. లకుముకి పిట్ట వచ్చి నా కర్ర కొస మీద వాలింది. దాని బరువుకు కొస వంగి బెండు ఒరిగింది. ఊపిరి బిగబట్టలేదు, మెల్లగా వదిలాను. అది ఎగిరిపోయేదాకా ఎత్తలేదు. ఈ కొత్త రకానికి గడి లేదు.

63వ రోజు. ఇంట్లో

సామాన్ల గది తలుపు మీద రాసిన తేదీ దాటి రెండు వారాల పైనే అయిందట. మా ఆవిడ చెబితే గానీ గుర్తు రాలేదు. తేదీని నేను మర్చిపోవడం చూసి తను కాస్త కంగారు పడింది.

వెదురు ఎండి లేత గడ్డి రంగుకు వచ్చింది. వేలితో కొడితే మోగుతోంది. రెండు చోట్ల చిన్న వంకర. సన్నటి సెగ మీద ఆ చోటును తిప్పుతూ వేడి చేస్తే పైపొర చెమటపట్టినట్టు మెరుస్తుంది. అప్పుడు వంకరకు ఎదురుగా, నిటారుకంటే కొంచెం ఎక్కువే వంచి, తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ముందే వదిలేస్తే మళ్లీ పాత వంకరే. ఒక్కో వంకరకు నాలుగైదు నిమిషాలు పట్టుకుని నిలబడ్డాను. దారాన్ని కొసకు మాత్రమే కట్టకుండా మొదలు నుంచి కర్ర వెంబడి తెచ్చి కొస దగ్గర బిగించాను. కొస విరిగినా చేపా దారమూ చేతిలోనే ఉంటాయి.

88వ రోజు

వెదురు కర్రతో ఇది ఎనిమిదోసారి. ఫైబర్ కంటే బరువే, కానీ చేప తల విదిలించడం కూడా అరచేతికి తెలుస్తుంది. రెండు బంగారుతీగలు, ఒక తిలాపియా. మూడూ వదిలేశాను. తిలాపియా వెన్ను ముళ్లు బొటనవేలికి గుచ్చుకున్నాయి. వెన్ను రెక్కను తల వైపు నుంచి తోక వైపు నిమిరి అణచి పట్టుకోవాలని అది గుచ్చుకున్నాక తెలిసింది, ఎప్పటిలాగే.

పది గంటలకు ఎండెక్కి సర్దుకుంటుంటే పెద్దాయన, "ఇవాళ నీ పుస్తకంలో గీతలు గీయలేదేంటయ్యా?" అన్నారు. తీసి చూశాను. తేదీ రాసి ఉంది, నీటి మట్టం నాలుగు వేళ్లు తగ్గిందని రాసి ఉంది. ఎత్తుళ్ల గడి ఖాళీ. సున్నా అని కాదు, మూడు నాలుగు ఎత్తే ఉంటాను. లెక్కపెట్టలేదు.

నీటి మట్టం తగ్గింది కాబట్టి మెట్టు దగ్గర లోతు మళ్లీ కొలవాలి. బెండు ఎర్ర రంగు కూడా పెచ్చులూడుతోంది. ఆదివారం చూడాలి, లేకపోతే ఆ పై ఆదివారం.